గుండె ఫొటో

పోస్టు పెద్దగనే ఉంటది, టైం చూసుకొని చదవండి.

మేము ముగ్గురం కలిసి రాస్తున్నం. వరంగల్‌లో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. హాస్టల్‌లో ఒకటే రూము. ఒకామెది మహబూబాబాద్ దిక్కు తండా, ఒకామెది తాడ్వాయి అడవిలో కోయగూడెం, ఇంకొకామెది ములుగు దగ్గర నాయకపోడు వాడ. బయట మన సంఘాల నడుమ ఎన్ని మాటలు నడిచినా మా రూముల బకెట్టు ఒకటే, బట్టలు ఆరేసే తాడు ఒకటే. ముగ్గురి ఇండ్లల్ల కూడా కాలేజీ మెట్లెక్కిన మొదటి మనుషులం మేమే. అందుకే "నేను" అని రాయబుద్ధి కాలేదు. ఇందులో ఏది ఎవరికి జరిగిందని అడగొద్దు, ముగ్గురికీ జరిగిందనుకోండి.

రాసేది ఇసిజి గురించి. మన ఊర్లల్ల దాన్ని "గుండె ఫొటో" అంటరు. "పెద్ద దవాఖానకు పోయినం, గుండె ఫొటో తీసిండ్రు, ఏం లేదన్నరు" అని చెప్తరు. మేము కూడా చిన్నప్పటి నుంచి అట్లనే అనుకున్నం. అది ఫొటో కాదని నర్సింగ్‌లో చేరినంకనే తెలిసింది. గుండె కొట్టుకునే ప్రతిసారీ అందులో సన్నటి కరెంటు పుట్టి పై నుంచి కిందికి పాకుతది. ఆ కరెంటు చర్మం దాకా వస్తది. దాన్ని పట్టి కాగితం మీద గీత గీస్తే ఇసిజి. గుండె ఆకారం అందులో కనపడదు, రక్తనాళంలో అడ్డు కూడా కనపడదు. కరెంటు పోయిన తోవ మాత్రమే కనపడతది. మిగిలింది మనం ఆలోచించి పట్టుకోవాలె.

సెకండియర్‌లో మెడికల్ సర్జికల్ నర్సింగ్ పుస్తకంలో ఆ పాఠం వచ్చింది. డీపోలరైజేషన్, రీపోలరైజేషన్. మాలో ఇద్దరం టెన్త్ దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం. మేడం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నం. పరీక్షలో పీ వేవ్, క్యూఆర్ఎస్, టీ వేవ్ బొమ్మ గీసి పేర్లు పెట్టినం. మార్కులు కూడా మంచిగనే వచ్చినయి. తర్వాత వార్డుకు పోతే అసలు కాగితం మీద పీ ఎక్కడున్నదో మాకు దొరకలేదు. పుస్తకంలో గుండె ఒక్కసారే, చక్కగా కొట్టుకుంటది. కాగితం మీద పన్నెండు ముక్కలు, ఒక్కో ముక్కలో గీత ఒక్కో తీరు. ఒకదాంట్లో పైకి, ఒకదాంట్లో తలకిందులు. ఈ మనిషికి ఎన్ని గుండెలున్నయో అనిపించింది. సిగ్గుతో ఎవరినీ అడగలేదు. మనలో చాలామందికి ఉన్న రోగమే అది, అర్థం కాలేదని చెప్పకుండ తల ఊపుడు.

మాకు దారి చూపించింది ప్రొఫెసర్లు కాదు, ఇసిజి తీసే టెక్నీషియన్ అన్న. పోస్టింగ్ మొదటి వారంలో ఒక కాగితం చేతిలో పెట్టి "చదవండి" అన్నడు. మేము ముగ్గురం గీత మీదికి వంగినం. "గీత తర్వాత. ముందు పేరు చూడండి" అన్నడు. ఎవరిది, ఎంత వయసు, ఏ తేదీ, ఎన్ని గంటలకు తీసిండ్రు. పేరు రాయని ఇసిజి ఎవరిదైనా కావచ్చు, టైం రాయనిది ఎప్పటిదైనా కావచ్చు, అట్లాంటి కాగితంతో వైద్యం చేస్తే రోగికి ముప్పు అన్నడు. ఆ తర్వాత వేగం చూడమన్నడు. కాగితం సెకనుకు 25 మి.మీ. నడవాలె. గీత ఎత్తుకు కొలత ఉంటది, ఒక మిల్లీవోల్టుకు 10 మి.మీ., దానికి గుర్తుగా కాగితం చివర చిన్న గడప లెక్క ఒక గీత పడతది. ఈ రెండూ సరిగ్గ లేకపోతే ఆ తర్వాత లెక్కపెట్టినవన్నీ తప్పే. మేము ఏడాది చదివిన పాఠంలో ఈ మాటలు ఉన్నయి, చివర్ల చిన్న అక్షరాలతో. మేమే వదిలేసినం.

ఇగ తీగలు. మొత్తం పది. నాలుగు చేతులకు కాళ్లకు, ఆరు ఛాతి మీద. కుడి చేతికి ఎరుపు, ఎడమ చేతికి పసుపు, ఎడమ కాలుకు ఆకుపచ్చ, కుడి కాలుకు నలుపు. ఇంగ్లీషులో దీనికి ఏదో బండి పాట చెప్తరు, మాకు ఎక్కలేదు. మేము మా వంటింటి లెక్క పెట్టుకున్నం: మిరపకాయ, పసుపు, ఆకుకూర, బొగ్గు. కుడి చేతి నుంచి గడియారం తిరిగినట్టు తిప్పుకుంట పోతే అయిపాయె. ఇప్పుడు మా జూనియర్లు కూడా ఇదే చెప్పుకుంటున్నరు.

ఛాతి మీద ఆరు మాత్రం కష్టం. గొంతు గుంట నుంచి వేలు కిందికి జార్చుకుంట వస్తే ఎముక మీద చిన్న గుట్ట లెక్క తగులుతది. దాని పక్కది రెండో పక్కటెముక. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంట నాలుగో సందుకు రావాలె. కుడి పక్క వీ1, ఎడమ పక్క వీ2. తర్వాత వీ4 పెట్టాలె, అయిదో సందులో, మెడ ఎముక నడుమ నుంచి నిట్టనిలువు కిందికి. ఆ రెండింటి నడుమ వీ3. వీ4కు అడ్డంగా అదే వరుసలో చంక ముందు వీ5, చంక నడుమ వీ6. చదువుతుంటే తేలిక. మేము రాత్రి రూము తలుపు గడియ పెట్టుకొని ఒకరి మీద ఒకరం బొట్టు బిళ్లలు అంటించి నేర్చుకున్నం. ఒక ప్యాకెట్ బిళ్లలు అట్లనే అయిపోయినయి. పక్క రూమోళ్లు తలుపు కొడితే నవ్వు ఆపుకోలేక తీయలేదు.

నవ్వులాట రూముల వరకే. వార్డుల ఒక ముసలమ్మ వచ్చింది, తండా మనిషి, ఇప్పటికీ పాత పద్ధతిలో మోచేతి పైదాకా గాజులేసుకునే తరం. దమ్ము వస్తున్నదని తీసుకొచ్చిండ్రు. పక్కన నిలబడ్డ ఎవరో "అవన్నీ తీసెయ్ అమ్మా, ఇసిజి రాదు" అన్నరు. ముసలమ్మ చేతులు రెండూ గుండెకు అదుముకొని కూర్చున్నది. ఇద్దరు పట్టుకొని గుంజబోయిండ్రు. మాలో తండా ఆమె ముందుకు పోయి "యాడీ" అని పిలిచి గోర్‌బోలీలో మాట్లాడింది. భర్త బతికి ఉండగ ఆ గాజులు తీస్తే ఆమెకు దేనితో సమానమో బయటివాళ్లకు తెలువదు. టెక్నీషియన్ అన్నను అడిగినం, క్లాంపు మణికట్టుకే పెట్టాల్నా, కొంచెం జరపొచ్చా అని. జరపొచ్చు. చేతి మీదనే ఉండాలె, రెండు చేతులకూ ఒకే ఎత్తులో ఉండాలె, ఛాతి మీదికి తేవొద్దు, అంతే. గాజుల నడుమ నుంచి ఖాళీ చేసుకొని పెట్టినం. గీత మంచిగ వచ్చింది. ఆ రోజు మాకు ఒకటి అర్థమైంది. అన్నీ తీసెయ్యమన్నది వైద్యం చెప్పిన మాట కాదు, తొందర చెప్పిన మాట. జాకెట్టు విప్పమంటే వణికే ఆడవాళ్లు మన దిక్కు ఎంతమంది! తెర లాగి, దుప్పటి కప్పి, రొమ్ము కింది నుంచి చెయ్యి పోనిచ్చి పెట్టాలె. సిగ్గుపడుతున్నదని వీ4ను పైన ఎక్కడో అంటిస్తే గీత తప్పు చెప్తది, ఆ తప్పును రోగం అనుకుంటరు.

పది తీగలకు పన్నెండు గీతలెట్లా, కొన్ని తలకిందులెందుకు అన్నది చాన్నాళ్లు తెల్లారలేదు. చివరికి మేడారం గుర్తు చేసుకుంటే తెల్లారింది. సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి గద్దెలకు తెస్తరు గదా. గద్దెల దగ్గర నిలబడ్డోళ్లకు తల్లి ఎదురొస్తది. గుట్ట కింద ఆగిపోయినోళ్లకు అదే తల్లి దూరం పోతుంటది. నడుమ తోవ పక్కన నిలబడ్డోళ్లకు సగం దూరం వచ్చినట్టు, సగం దూరం పోయినట్టు. తల్లి ఒక్కతే, తోవ ఒక్కటే. చూసే తావు వేరు. ఇసిజి కూడా అంతే. కరెంటు ఏ లీడు వైపు వస్తే ఆ లీడులో గీత పైకి, దూరం పోతే కిందికి, అడ్డంగా పోతే కొంచెం పైకి కొంచెం కిందికి. కుడి భుజం నుంచి చూసే ఏవీఆర్ అనే లీడు గుట్ట కింద ఆగిపోయిన మనిషి లాంటిది, దానికి మామూలుగా అన్నీ తలకిందులే కనపడతయి. రెండు, మూడు, ఏవీఎఫ్ అనే లీడులు గుండెను కింది నుంచి చూస్తయి. వీ1 నుంచి వీ4 దాకా ముందు నుంచి. ఒకటి, ఏవీఎల్, వీ5, వీ6 ఎడమ పక్క నుంచి. ఈ సంగతి పట్టుబడ్డ రోజు పన్నెండు ముక్కలు ఒక్క గుండె అయినయి.

పట్టుబడ్డదని మురిసిన వారంలోనే మావల్ల ఒక తప్పు జరిగింది. మాలో ఒకామె తొందరలో మిరపకాయ, పసుపు తారుమారు చేసింది. అంటే కుడి చేతి తీగ ఎడమకు, ఎడమది కుడికి. కాగితం మీద ఒకటో లీడులో పీ, క్యూఆర్ఎస్, టీ అన్నీ బోర్లపడ్డయి. ఎప్పుడూ తలకిందులుండే ఏవీఆర్ నిటారుగ నిలబడ్డది. చూసినాయన "గుండె కుడి వైపు ఉన్న మనిషా ఏంది?" అన్నడు. గుండె నిజంగనే కుడి వైపు ఉంటే ఛాతి లీడులు కూడా వీ1 నుంచి వీ6కు పోయేకొద్దీ చిన్నవైపోవాలె. ఈ కాగితంలో ఛాతి గీతలు మామూలుగనే ఉన్నయి. తీగలే మారినయి. మళ్లీ తీసినం. తిట్లు పడ్డయి, పడవలసినవే. కానీ ఆ తిట్లతో నేర్చింది మర్చిపోం. తీసిన చెయ్యే తప్పుచేస్తే చదివే కన్ను ఎంత పెద్దదైనా మోసపోతది.

ఈ యంత్రం కనిపెట్టిన ఆయన ఐంతోవెన్. నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊరు. ఆయన తొలి యంత్రం రెండు క్వింటాళ్లకు పైనే ఉండేదట, నడిపించడానికి అయిదుగురు మనుషులు కావాల్సి వచ్చేది. రోగి చేతులు, కాలు ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చునేవాడు. అంత బరువును దవాఖానకు మోసుకుపోలేక 1905లో దవాఖాన నుంచి తన ల్యాబ్‌కు కిలోమీటరున్నర దూరం తీగలు గుంజి, రోగి అక్కడ, గీత ఇక్కడ వచ్చేటట్టు చేసిండు. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే పేర్లు కూడా ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ వచ్చింది. మాకు ఆ కిలోమీటరున్నర తీగ నచ్చింది. ఏటూరునాగారం నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల దాకా ఉంటది. ఇయ్యాల అక్కడ తీసిన ఇసిజిని ఫోన్‌లో ఫొటో కొట్టి ఇక్కడి డాక్టర్‌కు నిమిషంలో పంపొచ్చు. గీత వంద కిలోమీటర్లు ఒక్క నిమిషంలో వస్తది. మనిషి రావడానికే వాగులు అడ్డం పడతయి.

హాస్టల్‌లో ఒకక్క అన్నది, "నర్సులకెందుకే ఇదంతా, డాక్టర్లు చూసుకుంటరు గదా" అని. చెప్తం. చదువు అయినంక మనలాంటోళ్లకు పల్లె దవాఖానాలల్ల మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ అనే పోస్టులున్నయి. అక్కడ గుండె డాక్టర్ ఉండడు, కొన్నిసార్లు ఏ డాక్టరూ ఉండడు. రాత్రి పది గంటలకు ఛాతి పట్టుకొని వచ్చినోడికి ఎదురయ్యేది మేమే. ఇంకో మాట కూడా చెప్తం. మహారాష్ట్రలో హిమ్మత్‌రావ్ బావస్కర్ అని డాక్టర్ ఉన్నడు. 1976లో రాయగడ్ జిల్లా బిర్వాడీ అనే పల్లె ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో చేరేటప్పటికి వట్టి ఎంబీబీఎస్. అక్కడ ఎర్ర తేలు కుట్టి మనుషులు చచ్చిపోతుండ్రి. ఆయన రాత్రిళ్లు రోగుల మంచం పక్కనే కూర్చొని నాడి, బీపీ, ఊపిరి రాసుకున్నడు. చంపేది నొప్పి కాదు, విషం గుండెను పాడుచేసి ఊపిరితిత్తుల్లో నీరు నింపుతున్నదని పట్టుకున్నడు. బీపీకి వాడే ప్రజోసిన్ అనే మాత్ర దానికి పనిచేస్తదని చూపించిండు. లాన్సెట్ అనే పెద్ద పత్రికలో వేసిండ్రు. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. తేలు మన చేన్లల్ల కూడా ఉన్నది. కుట్టినోడికి చెమటలు, వాంతులు, కాళ్లు చేతులు చల్లబడుడు ఉంటే మంత్రం కోసం ఆగొద్దు.

ఇప్పుడు మేము కాగితం ఎట్ల చదువుతమో చెప్తం. పేరు, టైం, వేగం చూసినంక గుండె వేగం లెక్కపెడతం. పక్కపక్క రెండు పెద్ద మొనల నడుమ పెద్ద గడులు ఎన్ని ఉన్నయో చూసి 300ను దానితో భాగించాలె. నాలుగు గడులుంటే 75. మూడుంటే 100. రెండుంటే 150, అంటే ఉరుకుతున్నది. ఆరుంటే 50. తర్వాత మొనల నడుమ దూరం సమంగ ఉన్నదా చూస్తం. గింజలు చల్లినట్టు ఎట్లంటే అట్ల పడి, ముందర పీ లేకపోతే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వయసు మళ్లినోళ్లకు వస్తది అంటరు, కానీ చిన్న వయసు ఆడవాళ్లల్ల కనిపిస్తే చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాపు వచ్చినయా అని అడగాలె. ఆ జ్వరం గుండె కవాటాన్ని తింటది. మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది తప్పకుండ వేసుకుంటే అది మళ్లీ రాకుండ ఆపొచ్చు. ఆశ్రమ పాఠశాలలల్ల గొంతునొప్పిని ఎవరు పట్టించుకుంటరు చెప్పండి.

పీ నుంచి క్యూఆర్ఎస్ దాకా మూడు నుంచి అయిదు చిన్న గడులు. క్యూఆర్ఎస్ వెడల్పు మూడు చిన్న గడులలోపు. ఒక చిన్న గడి అంటే సెకనులో ఇరవై అయిదో వంతు. ఇవి దాటితే ఎందుకు దాటినయో గుండె డాక్టర్ చెప్తడు. దాటినయని పట్టుకోవడం మా పని.

చివరగ ఎస్టీ. మన రిజర్వేషన్ పేరే పెట్టుకున్నది, మర్చిపోయే పనే లేదు. క్యూఆర్ఎస్ అయిపోయినంక టీ మొదలయ్యేలోపు గీత నేల మీద సాపుగ నడవాలె. గుండె కండకు రక్తం పూర్తిగ ఆగిపోతే ఆ గీత నేల విడిచి పైకి లేస్తది, బోర్లించిన గిన్నె లెక్క. ఒకే దిక్కు నుంచి చూసే రెండు లీడులల్ల ఒక చిన్న గడి, అంటే 1 మి.మీ., లేచినా లెక్కే. వీ2, వీ3లో ఇంకొంచెం ఎక్కువ లేవాలె. అట్ల కనిపిస్తే ఇగ ఆలోచనలు లేవు. టైం మొదలైనట్టే. ఛాతి నొప్పితో వచ్చినోళ్లకు పది నిమిషాలలోపు ఇసిజి తీయాలంటరు. రెండు గంటలలోపు బెలూన్ వేసే చోటుకు చేర్చలేమనుకుంటే, గడ్డ కరిగించే సూది అరగంటలోపు మొదలు పెట్టాలంటరు. గడ్డ ఉన్నంతసేపు కండ చస్తనే ఉంటది.

పుస్తకాలల్ల గుండెనొప్పి అంటే ఛాతి నడుమ బరువు, ఎడమ చేతికి పాకుడు. మన ఊర్లల్ల ఎవరూ అట్ల చెప్పరు. "ఎదల మంటగున్నది", "రెక్క గుంజుతాంది", "దవడ తీస్తాంది", "పానం గుబగుబ అంటాంది" అంటరు. అన్నింటికంటే ఎక్కువ "గ్యాస్" అంటరు. దాంట్లో ఒక తిరకాసు ఉన్నది. గుండె కింది భాగానికి దెబ్బ తగిలితే నిజంగనే కడుపులో తిప్పుతది, వాంతులైతయి, తేన్పులొస్తయి. రెండు, మూడు, ఏవీఎఫ్‌లో గీత లేస్తది. అట్లాంటోళ్లకు కుడి ఛాతి మీద కూడా ఒక తీగ పెట్టి చూడాలె. కుడి వైపు గుండె దెబ్బతిని ఉంటే నాలుక కింది సార్బిట్రేట్ మాత్రతో బీపీ ఒక్కసారే పడిపోవచ్చు. నాలుక కింద మాత్ర పెడితే మంచిదే గదా అని మన ఊర్ల ఎవరో ఒకరు జేబులో పెట్టుకొని తిరుగుతుంటరు, అందుకే రాస్తున్నం.

మొన్న పోస్టింగ్‌లో ఒక పెద్దాయన వచ్చిండు. తాడ్వాయి దిక్కు మనిషి. రాసుకుంటున్నాయన ఏమైందని అడిగితే "గ్యాస్ సార్" అన్నడు. ఇసిజి తీసినం, మామూలుగ ఉన్నది. మెషిన్ కూడా పైన "నార్మల్" అని అచ్చేసింది. ఆయనను బెంచీ మీద కూర్చోబెట్టిండ్రు. మాలో కోయ ఆమె నీళ్ల సీసా ఇయ్యబోయి ఆయన భాషలో పలకరించింది. అప్పుడు వేరే సంగతి చెప్పిండు. పొద్దుగాల వెదురు కొడుతుంటే ఎద మీద బండ పెట్టినట్టయిందట. అంగీ మొత్తం తడిసిందట. ఆగిందట, మళ్లీ వచ్చిందట. మరి గ్యాస్ అని ఎందుకన్నవంటే, సార్లకు అర్థమయ్యే మాట అదొక్కటే తెలుసు అన్నడు. సిస్టర్‌కు చెప్పినం. ఆమె మారు మాట్లాడకుండ ఇరవై నిమిషాలకు మళ్లీ తీయించింది. ఈసారి రెండు, మూడు, ఏవీఎఫ్‌లో గీత నేల విడిచింది. ఎదురుగ ఉండే ఏవీఎల్‌లో కిందికి దిగింది. సిస్టర్ కాగితం పట్టుకొని ఉరికింది. ఆస్పిరిన్ నమలమన్నరు, స్ట్రెచర్ మీద తీసుకపోయిండ్రు. తర్వాత ఏమైందో మాకు చెప్పేవాళ్లు లేరు. మా డ్యూటీ రెండు గంటలకు అయిపోతది, బస్సు ఆగదు.

ఆ రాత్రి మేము ముగ్గురం నిద్రపోలేదు. ఎందుకో చెప్పాలంటే వెనుకకు పోవాలె.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మాలో ఒకామె నాయిన చనిపోయిండు. పత్తి మూటలు మోస్తుంటే ఎదల మంట వచ్చింది. చెమటలు, రెండు వాంతులు. ఊర్ల వైద్యం చేసేటాయన గ్యాస్ సూది వేసిండు. తగ్గలేదని ఆటోలో ఒక చిన్న ఆస్పత్రికి తీసుకపోయిండ్రు. పేరు రాయం. అక్కడ గుండె ఫొటో తీసి ఏం లేదు అని మాత్రలిచ్చి ఇంటికి పంపిండ్రు. తెల్లారగట్ల పోయిండు. నలభై దాటి కొన్నేండ్లే. పోడు భూమి, పట్టా లేదు, రైతు బీమా రాలేదు. ఆమె నర్సింగ్‌లో చేరినప్పుడు మనసుల అనుకున్నది ఒకటే. ఆ కాగితం ఇంట్ల పెట్టెలో ఉన్నది. చదవడం నేర్చుకొని, వాళ్లు ఏం చూడలేదో చూడాలె. ఆ డాక్టర్ తప్పు పట్టుకోవాలె. మేము కూడా అదే అనుకున్నం. బొట్టు బిళ్లలంటించుకున్న రాత్రుల వెనుక ఉన్నది అదే.

పోయిన దసరాకు ముగ్గురం వాళ్ల ఇంటికి పోయినం. అమ్మ ఇనుప పెట్టె తీసింది. ఆధార్, రేషన్ కార్డు, మరణ ధ్రువపత్రం, బిడ్డ టెన్త్ మెమో, అన్నీ లామినేషన్. మండలంలో జిరాక్స్ షాపుల ఒకేసారి చేయించిందట, చెదలు పట్టొద్దని, తడవొద్దని. ఇసిజి కూడా చేయించింది.

ఇసిజి కాగితం మామూలు కాగితం కాదు. దాని మీద సిరా ఉండదు. వేడి తగిలిన చోట నల్లబడే మందు పూసి ఉంటది. మెషిన్‌లో వేడి మొన తగిలి గీత పడతది. బస్సు టికెట్ ఎట్లనో అట్ల. దాన్ని లామినేషన్ మెషిన్‌లో పెడితే మొత్తం కాగితానికి వేడి తగులుతది.

ఆమె చేతికి వచ్చింది నల్లటి అట్ట. ఒక్క గీత లేదు. అమ్మ మా ముఖాలు చూసి, "ఏమైందే? ఎక్స్‌రే కూడా నల్లగనే ఉంటది గదా" అన్నది. ఇన్నేండ్లు ఆమె అదే నాయిన గుండె ఫొటో అనుకొని దాచింది. పండుగ రోజుల్లో పెట్టె తీసినప్పుడు ముట్టుకునేదట. మేము ఏం చెప్పలేకపోయినం. "అవునత్తమ్మా, నల్లగనే ఉంటది" అన్నం.

రాత్రి ఫోన్ లైటు కింద అట్టను వాల్చి చూసినం. పెన్నుతో గట్టిగ రాసిన చోట కాగితం మీద అచ్చు పడ్డది. పేరు కనిపించింది, పక్కన వయసు కనిపించింది. టైం కోసం అంతా వెతికినం. రాయలేదు.

ఇన్నేండ్లు ఆ కాగితంలో గీత లేచే ఉంటదని, వాళ్లకు కన్ను లేక చూడలేదని మేము నమ్మినం. ఇప్పుడు అట్ల అనలేం. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మొదటి కాగితం లెక్క నాయినది కూడా నిజంగనే మామూలుగ ఉండి ఉండొచ్చు. మామూలుగ ఉన్నదని చెప్పడం తప్పు కాకపోవచ్చు. ఒక్కటే తీసి, ఇంకో అరగంట ఆగమనకుండ పంపడం మాత్రం తప్పు, అది మేము ఎక్కడైనా చెప్తం. ఆయన కూడా పెద్దాయన లెక్కనే "గ్యాస్" అని ఉంటడు. ఆ ఆటోల ఎవరైనా మన భాష వచ్చి, "ఎప్పటి నుంచి? అంగీ తడిసిందా?" అని అడిగినోళ్లు ఉంటే ఏమయ్యేదో.

కొన్ని చెప్పి ఆపుతం. మీ ఇండ్లల్ల ఎవరిదైనా ఇసిజి ఉంటే లామినేషన్ చేయించొద్దు, ఎండలో, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టొద్దు. దాచినా కొన్నేండ్లకు చెరిగిపోతది, అందుకే ఈ రోజే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, సాపుగ పరిచి, నీడ పడకుండ, పేరు, తేదీ కనపడేటట్టు. ఒక జిరాక్స్ కూడా తీయించండి. పాతది ఉంటే కొత్తదానితో పోల్చుకోవడానికి డాక్టర్‌కు అదే పెద్ద ఆధారం. నొప్పి వచ్చినోళ్లను తీసుకపోయేటప్పుడు మొదలైన టైం చెయ్యి మీద పెన్నుతో రాసుకోండి. 108కు ఫోన్ చేయండి, బండి మీద నడుమ కూర్చోబెట్టుకొని పోవద్దు. అక్కడ "గ్యాస్" అనొద్దు. ఏమైతుందో మీ మాటల్లోనే చెప్పండి. మొదటి ఇసిజి మంచిగున్నా నొప్పి తగ్గకపోతే "ఇంకోసారి తీయండి సార్" అని అడగండి. అడిగితే కోప్పడతరని భయపడొద్దు, మేము రోజూ పడుతున్నం.

నల్ల అట్ట ఇప్పుడు మళ్లీ అమ్మ పెట్టెలోనే ఉన్నది. అడిగి తెచ్చుకుందామని అనుకున్నం, తేలేదు.

బైపీసీ చదివే చెల్లెళ్లు ఎవరైనా నర్సింగ్‌కు రావాలనుకుంటే పండుగ సెలవుల్లో హాస్టల్‌కు రండి, బొట్టు బిళ్లలు మేమే కొంటం. రేపు మార్నింగ్ డ్యూటీ, అయిదున్నరకు నీళ్ల దగ్గర లైను కట్టాలె. ఉంటం.